బాయూ టాపెస్ట్రీకి ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే: టికెట్ నుంచి చివరి సీన్ దాకా

"అసలు ఇప్పుడది ఎక్కడుంది?", "పిల్లలకు అర్థమవుతుందా?", "అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు, తీసుకెళ్లొచ్చా?" బాయూ టాపెస్ట్రీ గురించి ఈ మూడు ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా జవాబివ్వడం కన్నా మొత్తం ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

చూడబోయేది దాదాపు 70 మీటర్ల పొడవు, అర మీటరు ఎత్తు ఉన్న నారబట్ట (లినెన్). దాని మీద ఉన్ని దారాలతో కుట్టిన బొమ్మల కథ. నార్మండీ డ్యూక్ విలియం 1066లో ఇంగ్లండ్‌ను ఎలా దక్కించుకున్నాడన్నది ఆ కథ. అది తెలియకుండా లోపలికి వెళ్తే, పది నిమిషాల్లో "అన్నీ గుర్రాలే కదా, ఇంక పోదాం" అంటారు పిల్లలు. పెద్దవాళ్లు పైకి అనరు, లోపల అనుకుంటారు. అందుకే ఈ గైడ్‌లో సగం పని ఇంట్లో చేసేదే.

1. ముందు అది ఏ ఊళ్లో ఉందో చూసుకోండి

ఫ్రాన్స్‌లోని బాయూ ఊళ్లో ఉన్న మ్యూజియాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి మూసేశారు. కొత్త భవనం కడుతున్నారు. 2027 అక్టోబరులో మళ్లీ తెరవాలన్నది ప్రణాళిక.

ఈలోగా టాపెస్ట్రీని లండన్‌కు అప్పుగా ఇస్తున్నారు. 2026 సెప్టెంబరు నుంచి 2027 జూలై వరకు బ్రిటిష్ మ్యూజియంలో ప్రదర్శన. ఆ తర్వాత తిరిగి బాయూకే.

పాత ట్రావెల్ వీడియోలు చూసి పారిస్ నుంచి రైలు టికెట్లు కొనేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఊరు అందంగానే ఉంటుంది కానీ మీరు వెళ్లింది దీని కోసం కదా. మీ ప్రయాణం ఏ నెలలో అన్నదాన్ని బట్టి లండనా, బాయూనా అన్నది మొదట తేల్చుకోండి. తేదీలు మారే అవకాశం ఉంటుంది కాబట్టి ఫ్లైట్ బుక్ చేసే ముందు రెండు మ్యూజియంల అధికారిక వెబ్‌సైట్లూ ఒకసారి తెరిచి చూడండి.

2. వీసా లెక్క

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. యూకే వీసాతో ఫ్రాన్స్ వెళ్లలేరు, ఫ్రాన్స్ ఇచ్చే షెంజెన్ వీసాతో లండన్ రాలేరు. రెండూ వేర్వేరు. యూకేలో ఉద్యోగం చేస్తూ ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు కూడా ఫ్రాన్స్ వెళ్లాలంటే షెంజెన్ వీసా తప్పదు. పిల్లలవి ఇండియన్ పాస్‌పోర్టులైతే వాళ్లకూ విడివిడిగా తీయాలి.

- యూకే విజిటర్ వీసాకు ప్రయాణానికి 3 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు.
- షెంజెన్‌కు 6 నెలల ముందు నుంచి చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కవరేజ్ 30,000 యూరోలకు తగ్గకూడదు.
- వేసవి సెలవుల ముందు వీసా సెంటర్లలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. దరఖాస్తు ఫారం కన్నా ముందు ఆ స్లాట్ సంగతి చూడండి.

అమ్మానాన్నలు ఎలాగూ లండన్ వస్తున్నారంటే, ప్రదర్శన అక్కడ ఉన్న నెలల్లోనే చూపించేయండి. ఒక వీసా ఖర్చు, ఒక వీసా టెన్షన్ తప్పుతాయి.

3. టికెట్, స్లాట్

బ్రిటిష్ మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం. దాంతో "ఫ్రీయే కదా, ఆ రోజు చూసుకుందాం" అనుకుంటారు. ప్రత్యేక ప్రదర్శనలకు టికెట్ విడిగా కొనాలి, ఏ రోజు ఏ టైమ్‌కు లోపలికి వెళ్లాలో కూడా అప్పుడే ఎంచుకోవాలి. ఈ ప్రదర్శనకు రద్దీ మామూలుగా ఉండదు.

పద్ధతి ఇలా పెట్టుకోండి:

మొదట ఇంట్లో అందరికీ కుదిరే రెండు మూడు తేదీలు రాసుకోండి. ఒక్క తేదీ పట్టుకుని కూర్చుంటే అది దొరకదు. ఆ తర్వాత అధికారిక సైట్‌లోనే కొనండి. వేరేచోట ఎక్కువ రేటుకు అమ్మే టికెట్ల జోలికి పోవద్దు. పిల్లలకు టికెట్ ధర లేకపోయినా వాళ్ల పేరున కూడా స్లాట్ తీసుకోవాల్సి ఉంటుందేమో చూడండి. నలుగురికి తీసి, ఐదోవాడు చంటివాడే కదా అని వదిలేస్తే గేటు దగ్గర ఇబ్బంది.

ఏ స్లాట్ మంచిది? పదేళ్లలోపు పిల్లలుంటే పొద్దున మొదటిది. టీనేజర్లు, పెద్దవాళ్లు మాత్రమే అయితే శుక్రవారం సాయంత్రం బాగుంటుంది, ఆ రోజు మ్యూజియం రాత్రి 8:30 దాకా తెరిచి ఉంటుంది. ఇండియా నుంచి దిగిన మర్నాడు మాత్రం పెట్టుకోవద్దు. మసక వెలుతురు గదిలో జెట్‌లాగ్ మీదున్న తాతయ్యను గంటసేపు నిలబెట్టడం న్యాయం కాదు.

లండన్‌లోనో చుట్టుపక్కలో ఉండేవాళ్లు మ్యూజియం మెంబర్‌షిప్ ధర కూడా లెక్క వేసి చూడండి. రెండుసార్లు వెళ్లాలనుంటే అదే చవక పడొచ్చు. ఈ బట్ట రెండోసారే బాగుంటుందని నా అభిప్రాయం.

4. కథ ఇంట్లోనే చెప్పేయండి

చేర్యాల పటం విప్పి కథ చెప్పేవాళ్లు ఒక్కో బొమ్మ మీద కర్ర పెట్టి "ఇదిగో ఇక్కడ ఏమైందంటే" అంటూ ముందుకు జరుగుతారు. ఇదీ అలా చెప్పాల్సిన కథే. కాకపోతే మ్యూజియంలో వెనక జనం తోసుకొస్తుంటే అంత తీరిక ఉండదు. అందుకే ఆ కథా కాలక్షేపం వారం ముందే సోఫాలో పూర్తి చేయండి.

పాత్రలు నలుగురు చాలు.

ఎడ్వర్డ్: ఇంగ్లండ్ రాజు, ముసలివాడు, పిల్లల్లేరు.
హెరాల్డ్: ఎడ్వర్డ్ బావమరిది, దేశంలో అందరికన్నా బలమైన సామంతుడు.
విలియం: సముద్రం అవతల నార్మండీకి డ్యూక్.
ఓడో: విలియంకు తల్లి వైపు తమ్ముడు, బాయూ బిషప్. ఈ బట్ట కుట్టించింది ఈయనే అయి ఉండాలని ఎక్కువమంది చరిత్రకారుల మాట. బట్ట మీద ఆయనకు దొరికిన ప్రాధాన్యం చూస్తే మీకూ అదే అనుమానం వస్తుంది.

కథ ఇంతే: హెరాల్డ్ సముద్రం దాటి వెళ్లి విలియం చేతికి చిక్కుతాడు. పవిత్ర అవశేషాలున్న పెట్టెల మీద రెండు చేతులూ పెట్టి విలియంకు ప్రమాణం చేస్తాడు. ఇంటికి తిరిగొస్తాడు. 1066 జనవరి 5న ఎడ్వర్డ్ చనిపోతాడు, మర్నాడే హెరాల్డ్ కిరీటం పెట్టుకుంటాడు. ఏప్రిల్‌లో ఆకాశంలో తోకచుక్క కనిపిస్తుంది. విలియం పడవలు కట్టించి, గుర్రాలతో సహా సముద్రం దాటొస్తాడు. అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర యుద్ధం, హెరాల్డ్ చావు.

పిల్లలతో ఒక విషయం తప్పకుండా మాట్లాడండి: ఇది గెలిచినవాళ్ల వైపు నుంచి చెప్పిన కథ. మాట తప్పింది హెరాల్డేనా? చేతికి చిక్కినవాడు చేసిన ప్రమాణం ప్రమాణమేనా? వాలి వధ మీద వాదించుకునే ఇళ్లలో ఈ చర్చ ఊరికే అయిపోదు. అయిపోకపోవడమే మంచిది. ఎవరి పక్షం తీసుకున్నారో గుర్తుంటే మ్యూజియంలో ఆ మనిషినే వెతుక్కుంటూ నడుస్తారు.

బాయూ మ్యూజియం వెబ్‌సైట్‌లో బట్ట మొత్తం అతి స్పష్టమైన ఫొటోగా ఉంది, ఉచితంగా చూడొచ్చు. టీవీలో పెట్టి ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ వెళ్లండి. ఒకే రోజు మొత్తం కాదు. రాత్రి భోజనాలయ్యాక రోజుకు పది సీన్లు. మొత్తం 58.

5. ఒక సాయంత్రం సూదీ దారం పట్టండి

ఇది చాలామంది దాటేస్తారు. నాకైతే మొత్తం తయారీలో ఇదే ముఖ్యం. చేత్తో ఒక అరచేతి వెడల్పు కుట్టినవాడికి 70 మీటర్లంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మమ్మో నాన్నమ్మో ఇంట్లో ఉంటే టీచర్ దొరికినట్టే.

కావాల్సినవి:

- కాస్త మందమైన తెల్ల నూలు బట్ట, ఎంబ్రాయిడరీ రింగు
- మూడు రంగుల ఉన్ని దారాలు (ఎరుపు, పసుపు, నీలం అయితే బాగుంటుంది)
- కన్ను పెద్దగా ఉన్న సూదులు
- పెన్సిల్, కత్తెర

చేసే విధానం:

(1) బట్ట మీద పెన్సిల్‌తో ఒక చేపో, గుర్రం కాలో, ఆకో గీయండి. అరచేతికి మించొద్దు.

(2) గీత వెంట కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్) వేయండి. టాపెస్ట్రీలో బొమ్మల అంచులు, అక్షరాలు ఎక్కువగా ఈ కుట్టే. గొలుసు కుట్టు కూడా అక్కడక్కడా కనిపిస్తుంది.

(3) ఇప్పుడు లోపల నింపాలి. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు దారాన్ని సాఫీగా పరిచి సూదిని కిందికి దించండి. మళ్లీ పైకి తీసేటప్పుడు దించిన చోటికి ఆనుకునే పైకి తీయండి, ఇటు చివరికి రావద్దు. ఇలా పక్కపక్కనే దారాలు పరుస్తూ బొమ్మ మొత్తం కప్పేయండి.

(4) ఆ పరిచిన దారాలకు అడ్డంగా, మధ్యలో కాస్త కాస్త ఎడం వదిలి, ఇంకో వరస దారాలు వేయండి.

(5) ఆ అడ్డ దారాలను అక్కడక్కడా చిన్న చిన్న కుట్లతో బట్టకు పట్టించండి. అంతే.

అయ్యాక రింగు తిప్పి వెనక వైపు చూపించండి. ముందు నిండుగా ఉన్న రంగు వెనక చుక్కలు చుక్కలుగానే ఉంటుంది. దారమంతా ముందువైపే ఉండిపోయింది, ఉన్ని వృథా కాలేదు, పని కూడా త్వరగా సాగింది. అంత పొడవు బట్టకు ఈ కుట్టే ఎందుకు వాడారో పిల్లలే చెప్పేస్తారు.

తరచూ వచ్చే తంటాలు రెండు. బట్ట ముడుచుకుపోతోందంటే దారం గట్టిగా లాగుతున్నారని, రింగు బిగించి దారం వదులు చేయండి. పరిచిన దారాల మధ్య బట్ట కనిపిస్తోందంటే సన్న దారం తీసుకున్నారని, రెండు పోగులు కలిపి వేయండి.

దారాల రంగుల మాట కూడా ఇక్కడే చెప్పొచ్చు. మొత్తం పది రంగులే, అన్నీ మొక్కల నుంచి తీసినవి. నీలం వోడ్ అనే మొక్క ఆకుల నుంచి వచ్చింది, అందులో ఉండేది మన నీలిమందులో ఉండే రంగే. ఎరుపు మంజిష్ఠ జాతి మొక్క వేరు నుంచి వచ్చింది. పెడన కలంకారీలో ఎరుపు కోసం సంప్రదాయంగా వాడే చిరివేరు కూడా ఆ కుటుంబంలోదే. ఇంట్లో పాత కలంకారీ దుప్పటి ఉంటే తీసి పక్కన పెట్టండి.

6. ఎవరెవరు ఏం వెతకాలో పంచండి

బట్ట పైన సీన్ నంబర్లు రాసి ఉంటాయి, అవి చూసి ఎక్కడున్నామో తెలుసుకోవచ్చు. ఈ పట్టికను ప్రింట్ తీసి, ఒక్కొక్కరికి మూడు నాలుగు చొప్పున పంచేయండి. అందరూ అన్నీ వెతకడం మొదలుపెడితే ఎవరూ ఏదీ చూడరు.

- సీన్ 4 దగ్గర నుంచి కింది అంచు: కాకి, నక్క కథ. మన పిల్లలకు తెలిసిన కథే, జున్నుముక్కతో.
- సీన్ 17: ఊబిలో కూరుకుపోతున్న సైనికులను హెరాల్డ్ బయటికి లాగుతాడు. ఒకణ్ని వీపు మీద మోస్తూ ఇంకొకణ్ని చేయి పట్టి లాగుతున్నాడు. శత్రుపక్షం వాళ్లు కుట్టించిన బట్టలో ఇంత మంచి సీన్ అతనికి ఇచ్చారంటే ఆశ్చర్యమే.
- సీన్ 23: ప్రమాణం.
- సీన్ 26, 27, 28: ఎడ్వర్డ్ అంత్యక్రియలు ముందు, చావు తర్వాత! ఎందుకలా అన్నది పిల్లలనే ఊహించమనండి.
- సీన్ 32: తోకచుక్క. దాని వైపు వేళ్లు చూపిస్తున్న గుంపు. ఇప్పుడు హేలీ తోకచుక్క అంటున్నది ఇదే.
- సీన్ 35, 36: చెట్లు నరకడం, పడవలు కట్టడం.
- సీన్ 38: సముద్రం మీద పడవలు. పడవ అంచు మీదుగా తొంగి చూస్తున్న గుర్రాలు.
- సీన్ 42, 43: వంట, భోజనం. చువ్వలకు గుచ్చి కాల్చిన మాంసం, డాళ్లనే బల్లగా చేసుకుని వడ్డన.
- సీన్ 45: కోట కోసం మట్టి తవ్వే కూలీల్లో ఇద్దరు పారలతో కొట్టుకుంటున్నారు.
- సీన్ 47: తగలబడుతున్న ఇంట్లోంచి పిల్లవాడి చేయి పట్టుకుని బయటికొస్తున్న తల్లి.
- సీన్ 55: చనిపోయాడన్న పుకారు లేస్తే, విలియం శిరస్త్రాణం పైకెత్తి మొహం చూపించడం.
- సీన్ 57: హెరాల్డ్ చావు. కంటి దగ్గర బాణం పట్టుకున్నవాడా, పక్కనే కత్తి వేటుకు పడిపోతున్నవాడా, ఇద్దరూ అతనేనా? పండితులే ఇంకా వాదించుకుంటున్నారు.

ఎవరు ఏ పక్షమో తెలియాలంటే చిట్కా: ఇంగ్లీషువాళ్లకు మీసాలుంటాయి. నార్మన్లకు మీసం లేదు, తల వెనక భాగం గొరిగి ఉంటుంది. యుద్ధానికి ముందు సీన్లలో ఇది బాగా పనిచేస్తుంది, యుద్ధంలో శిరస్త్రాణాలు వచ్చాక కాస్త కష్టం.

మరీ చిన్నపిల్లలకు ఒకే పని చెప్పండి: నీలం గుర్రం ఎక్కడుందో పట్టుకోమనండి. గుర్రానికి అవతలి వైపు కాళ్లు వేరే రంగులో ఉంటాయి, దూరం తెలియడానికి. మొత్తం 202 గుర్రాలు, 626 మంది మనుషులు. లెక్కపెట్టమంటే మాత్రం సాయంత్రం దాకా అక్కడే ఉండాల్సొస్తుంది.

7. వీలైతే రెడింగ్‌లో రిహార్సల్

రెడింగ్ మ్యూజియంలో ఈ బట్టకు పూర్తి సైజు నకలు ఉంది. 1885–86లో ఎలిజబెత్ వార్డిల్ నాయకత్వంలో ఇంగ్లండ్‌లోని లీక్ ఊరి మహిళలు 35 మంది కుట్టారు. ప్రవేశం ఉచితం, పెద్దగా రద్దీ ఉండదు. పిల్లలు తోచినంతసేపు ఒకే బొమ్మ ముందు నిలబడొచ్చు. లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్ నుంచి ఫాస్ట్ రైలుకు అరగంట లోపే. వారంలో అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్లండి. రెడింగ్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బోలెడు, చుట్టాలింటికి వెళ్లినప్పుడు కలిపేసుకోవచ్చు.

అసలు బట్టకు టికెట్ దొరకనివాళ్లకూ ఇదే దారి. నకలే అయినా కుట్టు కుట్టే.

8. ఆ రోజు పొద్దున

మెట్లు ఎక్కలేనివాళ్లుంటే టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్‌లో దిగండి, లిఫ్టులున్నాయి. అక్కడి నుంచి మ్యూజియానికి మెల్లగా నడిచినా పది నిమిషాలు. గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేస్తారు, దానికి అరగంట అదనంగా పెట్టుకోండి. చక్రాల సూట్‌కేసులు లోపలికి రానివ్వరు. ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా వచ్చే ఆలోచన ఉంటే మానుకోండి.

బ్యాగులో:

- టికెట్లు ఫోన్‌లో, ఒక కాపీ ఇంకొకరి ఫోన్‌లోనూ
- దగ్గరివి చూసే కళ్లద్దాలు (పెద్దవాళ్లు దూరపు అద్దాలతో వచ్చేసి బొమ్మలు కనిపించడం లేదంటారు)
- పలచటి స్వెటర్
- సీన్ల పట్టిక, పెన్సిల్
- నీళ్లు, గ్యాలరీ బయట తినడానికి ఏదైనా

పులిహోర డబ్బా తెచ్చుకోవడానికి మొహమాటపడకండి, గ్యాలరీల్లో మాత్రం తెరవొద్దు. వేడిగా తినాలంటే యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమ్మండ్ స్ట్రీట్‌లో శాకాహార ఇండియన్ హోటళ్లు వరసగా ఉన్నాయి, మ్యూజియం నుంచి ఇరవై నిమిషాల నడక.

వీల్‌చెయిర్ కావాలంటే ముందే మ్యూజియానికి మెయిల్ చేయండి. స్ట్రోలర్ ప్రదర్శన లోపలికి అనుమతిస్తారో లేదో కూడా అందులోనే అడిగేయండి.

టాయిలెట్ పని లోపలికి వెళ్లే ముందే. సీన్ 20 దగ్గర గుర్తొస్తే మళ్లీ ఆ వరసలోకి రావడం కుదరకపోవచ్చు.

9. బట్ట ముందు నడిచే పద్ధతి

అందరూ చేసే పొరపాటు ఒకటే. మొదటి పది సీన్ల దగ్గర ఒక్కో అంగుళం చూస్తారు, చివరి పది సీన్ల దగ్గరికి వచ్చేసరికి కాళ్లు పీకుతుంటాయి, పిల్లలు నేల మీద కూర్చుంటారు. యుద్ధం మొత్తం ఉన్నది ఆ చివర్లోనే, సీన్ 48 నుంచి.

కాబట్టి శక్తిని ఇలా పంచండి:

సీన్ 1 నుంచి 22 వరకు మెల్లగా కానీ ఆగకుండా. 17 దగ్గర మాత్రం ఆగండి. 23 నుంచి 33 వరకు తీరిగ్గా, కథ మలుపు తిరిగేది ఇక్కడే. పడవలు, వంటలు పిల్లలకు వదిలేయండి, వాళ్లే లాక్కెళ్తారు. 48 నుంచి చివరి దాకా ఎంత సమయం మిగిలితే అంతా.

ప్రతి సీన్‌లో మధ్య బొమ్మ ముందు, తర్వాత పై అంచు, తర్వాత కింది అంచు. ఈ వరస అలవాటైతే ఏదీ తప్పిపోదు.  కింది అంచులోవి పిల్లలే ముందు చూసి చెప్పొచ్చు.

లాటిన్ అక్షరాలను చదివే ప్రయత్నం చేయొద్దు. హెరాల్డ్, విలియం, ఓడో పేర్లు, రాజు అనడానికి "రెక్స్". ఈ నాలుగూ ఆనవాలు పట్టగలిగితే చాలు.

ఒక్క చోట మాత్రం ముక్కు దగ్గరగా పెట్టి చూడండి. బట్ట ఒకే ముక్క కాదు, తొమ్మిది ముక్కలు అతికారు. మొదటి అతుకు సీన్ 13, 14 దగ్గర వస్తుంది. అక్కడ పై అంచు గీత ఇటుదీ అటుదీ సరిగ్గా కలవదు. రెండు ముక్కలూ వేరువేరుగా కుట్టి, తర్వాత జత చేసేటప్పుడు కాస్త తేడా వచ్చింది. తర్వాతి అతుకులు ఇంత తేలిగ్గా దొరకవు. బ్లౌజు చేతుల అంచులు కలవక టైలర్‌తో గొడవ పడిన అమ్మలకు ఈ చోటు చూపిస్తే మొత్తం బట్ట మీద గౌరవం పెరుగుతుంది.

ఫొటోల నిబంధన గదిలోకి వెళ్లే ముందే చదవండి. బాయూలో ఫొటోలు తీయనిచ్చేవారు కాదు. ఫ్లాష్ ఎక్కడా కుదరదు. వెలుతురు తక్కువగా ఉంచేది బట్ట పాడవకుండా ఉండటానికి. కళ్లు అలవాటు పడటానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలు మొదటి సీన్ ముందు ఊరికే నిలబడండి.

10. ముందే చెప్పాల్సిన ఇబ్బంది

కింది అంచులో కొన్నిచోట్ల నగ్నంగా ఉన్న మనుషుల బొమ్మలున్నాయి. సీన్ 15 కింద ఒకటి మరీ స్పష్టం. యుద్ధం సీన్ల కింద తలలు తెగిన శవాలు, శవాల ఒంటి మీద నుంచి కవచాలు ఊడబెరుకుతున్న మనుషులు ఉంటారు. అత్తగారి పక్కన నిలబడి మొదటిసారి చూడటం కన్నా ఇంట్లో టీవీలో ముందే చూసేయడం సుఖం. పిల్లలకు ఎంత చెప్పాలన్నది మీ ఇంటి ఇష్టం. నా అనుభవంలో పిల్లలు ఒకసారి నవ్వి ముందుకెళ్లిపోతారు, ఎక్కువ ఇబ్బంది పడేది పెద్దలే.

రెడింగ్ నకలులో మాత్రం ఆ మనుషులకు నిక్కర్లు తొడిగి ఉంటాయి. ఆ మహిళలు చూసి కుట్టిన ఫొటోల్లోనే అలా సవరించి ఇచ్చారు. రెండూ చూసినవాళ్లకు ఇదో సరదా పోలిక.

11. బయటికి వచ్చాక 33ఏ గది

మ్యూజియం మొత్తం అదే రోజు చూసేద్దామన్న ఆలోచన వద్దు. కానీ ఒక్క గదికి మాత్రం తెలుగువాళ్లు వెళ్లకుండా రాకూడదు: 33ఏ. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన రాళ్లు, తర్వాత లండన్ వచ్చి, 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. 33వ గదిలో ఆసియా విభాగం చివరికి నడిస్తే అద్దాల వెనక కనిపిస్తాయి. తెరిచి ఉందో లేదో కౌంటర్‌లో అడిగి బయలుదేరండి.

టాపెస్ట్రీ చూసిన కళ్లతో చూస్తే ఇక్కడ ఒకటి తడుతుంది. ఒకే మనిషి ఒకే పలకలో రెండు మూడుసార్లు కనిపిస్తూ కథ నడిపిస్తాడు. ఒక పలక రెండు వైపులా చెక్కి ఉంది. ఒక వైపు క్రీస్తు పూర్వం నాటిది, అందులో బుద్ధుడు లేడు, చెట్టు, ఖాళీ ఆసనం మాత్రమే. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి ఇంకో వైపు స్తూపం మొత్తాన్ని చెక్కారు. అది వెతకమని పిల్లలకు చెప్పండి. ఈ గదికి టికెట్ లేదు, సాధారణంగా జనం కూడా పలచగానే ఉంటారు.

12. 2027 అక్టోబరు తర్వాత వెళ్లేవాళ్లకు

అప్పటికి బట్ట బాయూకు చేరి, కొత్త మ్యూజియం తెరుస్తారు. పారిస్‌లో సెయింట్ లాజార్ స్టేషన్ నుంచి రైలు, రెండు గంటల పైచిలుకు. కొన్ని నేరుగా వెళ్తాయి, కొన్నింటికి కాన్ (Caen) స్టేషన్‌లో మారాలి. స్టేషన్ నుంచి మ్యూజియం దాకా పావుగంట, ఇరవై నిమిషాల నడక.

పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం కెథెడ్రల్. ఆ చర్చిని 1077లో ప్రతిష్ఠించారు, ఓడో బిషప్‌గా ఉన్నప్పుడే. ఓపిక మిగిలితే బ్రిటిష్ యుద్ధ శ్మశానవాటిక ఎదురుగా ఉన్న స్మారకం చూడండి. ఒకప్పుడు విలియం చేతిలో ఓడిన మేము ఇప్పుడు ఆ విజేత పుట్టిన గడ్డను విడిపించాం అని దాని మీద లాటిన్‌లో చెక్కి ఉంటుంది. కథ తెలిసిన పిల్లలకు అది వెంటనే అర్థమవుతుంది. అదే రోజు మాంట్ సెయింట్ మిషెల్ కూడా చుట్టేద్దామంటే రెండూ సగం సగమే చూస్తారు, రాత్రికి బాయూలోనే ఉండిపోండి.

భోజనం సంగతి ముందే ఆలోచించుకోవాలి. అక్కడ హోటళ్లలో మధ్యాహ్నం 12 నుంచి 2 వరకే వంట. రెండున్నరకు ఆకలేస్తే బేకరీయే గతి. శాకాహారులకు సులువైనది గాలెట్, మన దోసెలా పలచగా వేసే కుట్టుగోధుమ (బక్‌వీట్) అట్టు. మామూలుగా అందులో పంది మాంసం, గుడ్డు, చీజ్ వేస్తారు. "సాఁ వ్యాంద్" అంటే మాంసం లేకుండా, "సాఁ ప్వాసోఁ" అంటే చేప లేకుండా. గుడ్డు కూడా వద్దంటే "సాఁ జెఫ్" అనండి. అప్పుడు చీజ్, పుట్టగొడుగులతో వేసిస్తారు. ఒక పచ్చడి సీసా బ్యాగులో ఉంటే తాతయ్య కూడా ఫిర్యాదు చేయరు.